తీరిక వేళ: చెరపని గీత

ఖరగ్‌పూర్ విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో పనిచేసే మా మిత్రుడొకరు సెలవు దినాలలో చిత్రాలు వేస్తారు. పాస్టెల్, తైలవర్ణం, కంప్యూటరు మూడింటినీ ప్రయత్నించారు. పాస్టెల్‌లో జిగురు స్వల్పం, రంగుపొడి వేళ్లకంటుతుంది. తైలవర్ణంలో నూనె గట్టిపడి రంగును పట్టి ఉంచుతుంది. ఈ జిల్లాలోనే, పింగ్లా సమీపాన, నయా గ్రామపు పటచిత్రకారులు మారేడు జిగురు వాడతారు. కంప్యూటరు తెరపై వెలుగే రంగు; పొరపాటును ఇట్టే చెరిపివేయవచ్చు.

ఆ వెసులుబాటుకు అలవాటుపడిన తరువాత కాగితంపై గీత గీయడానికి చేయి జంకుతున్నదని ఆయన వాపోయారు. రవీంద్రులు వ్రాతప్రతులలోని కొట్టివేతలనే బొమ్మలుగా మలచి చిత్రకళకు దారి వేసుకున్నారు; 1930లో పారిస్‌లో ప్రదర్శన జరిపేనాటికి డెబ్బైకి చేరువలో ఉన్నారు.

మిత్రుడు మళ్లీ పాస్టెల్ చేపట్టారు. తప్పిన గీతను చెట్టుకొమ్మగా మారుస్తున్నారు. ఈ ఆదివారం మీరూ పిల్లలతో కూర్చుని, రబ్బరు పక్కనపెట్టి గీసి చూడండి.