మన ఊరి చరిత్ర ఎవరి బీరువాలో ఉంది?

గత ఏడాది చలికాలం మొదట్లో ఇద్దరు యువకులు ఒక ప్లాస్టిక్ కవరులో నాలుగు కాగితాలు పట్టుకొని మా ఇంటికి వచ్చారు. తమ మొహల్లా ఖబ్రస్తాన్ వివరాలను ఉమీద్ పోర్టల్‌లో నమోదు చేయాలనీ, గడువు దగ్గర పడుతున్నదనీ, ఆ కాగితాలలో ఏమున్నదో చదివి చెప్పేవారు దొరకడం లేదనీ అన్నారు. ఒకరు ఇంజనీరింగ్ పూర్తి చేసినవారు. మరొకరు ఖురాన్‌ను తజ్వీద్‌తో చక్కగా చదవగలరు. అయినా ఇద్దరికీ ఒక్క పంక్తి అంతుపట్టలేదు. కారణం, అది షికస్తా రాత. అందులో నుక్తాలు సరిగా ఉండవు, అక్షరాలు ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. నిజాం కాలపు దఫ్తర్లలో గుమాస్తాలు వేగం కోసం అలవరచుకున్న రాత అది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, పదవీ విరమణకు చేరువైన ఒక పెద్ద గుమాస్తా పక్కన కూర్చొని దానిని కొంత నేర్చుకున్నాను. కొంతే.

పై కాగితం మీద 1320 అని ఉంది. "చాచా, ఇది ఏడు వందల ఏళ్లనాటిది కదా!" అని చిన్నవాడు సంబరపడ్డాడు. అంకె పక్కనే ‘ఫస్లీ’ అన్న మాట ఉంది. ఫస్లీకి 590 కలిపితే 1910 వస్తుంది. అదే అంకె హిజ్రీ అయితే 1902 అవుతుంది. ఆజూర్, దై, బహమన్ అంటూ సాగే ఫస్లీ నెలల పేర్లు మా తండ్రుల తరానికి నోటిలో ఆడేవి. నేటి పిల్లలకు అవి విననైనా వినని మాటలు. ఏడు శతాబ్దాల గొప్ప చేజారినందుకు అతని ముఖం చిన్నబోయింది. "బేటా, ఈ 1910 నాటిదే మీకు ఎక్కువ పనికివస్తుంది. ఇందులో నాలుగు హద్దులూ రాసి ఉన్నాయి" అని నేను సర్దిచెప్పాను.

స్థానిక చరిత్ర అంటే తీరిక ఉన్నవారి కాలక్షేపమని మనలో చాలామంది భావన. 2025 వక్ఫ్ సవరణ చట్టం వచ్చిన తరువాత ఆ భావన పెట్టుకుంటే నష్టపోయేది మనమే. తరతరాలుగా నమాజు చేస్తున్నాం, తరతరాలుగా ఇక్కడే మట్టి ఇస్తున్నాం అన్న వాడుక ఆధారంగా కొత్తగా వక్ఫ్‌ను గుర్తించే వీలు ఆ చట్టంలో లేదు. 2025 జూన్ 6న మొదలైన ఉమీద్ పోర్టల్ ఆరు నెలలు గడువు పెట్టి కాగితం అడిగింది. ఆ చట్టం తీరుపై మన అభ్యంతరాలు మనకున్నాయి, సుప్రీంకోర్టులో వాదనలూ నడిచాయి. అయితే కోర్టులో నిలబడే న్యాయవాదికైనా చేతిలో మున్తఖబ్ నకలో, సేత్వార్ నకలో, 1954-55 నాటి ఖాస్రా పహాణీయో ఉండాలి కదా! అవి ఎక్కడ ఉన్నాయి? కొన్ని ముతవల్లీల ఇళ్లలో ఇనుప పెట్టెల అడుగున ఉన్నాయి. కొన్ని తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. కొన్ని ఎక్కడా లేవు.

ఆ లేనివాటిలో నా పాత్ర కూడా ఉంది. నేను పనిచేసిన ఒక కార్యాలయాన్ని వేరే భవనానికి మార్చినప్పుడు, రికార్డు గదిలో ఎర్రగుడ్డలో కట్టిన ఉర్దూ బస్తాలు అలమరల నిండా ఉండేవి. మన దఫ్తర్లలో ఏ ఫైలును ఎంతకాలం ఉంచాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఆర్.డిస్ అయితే శాశ్వతం, ఎల్.డిస్ అయితే ఏడాది. ఉర్దూ బస్తా ఏ తరగతికి చెందుతుందో చెప్పాలంటే ముందు దానిని చదివే మనిషి కావాలి. అక్కడ ఆ మనిషిని నేనే. మూడు రోజులు చదివాను. ఒక పీర్ల చావడికి దీపపు నూనె కోసం ఇచ్చిన ఇనాం భూమి వివరం కనబడింది. అదే బస్తాలో ఒక గుడి పూజారికి సాగిన మామూలు వివరమూ ఉంది. రెండింటిపైనా ఒకే గుమాస్తా చేతిరాత. నాలుగో రోజు పై నుంచి తొందర పెరిగింది. మిగిలినవాటిని "చెదపట్టినవి, చదువ వీలుకానివి" అని జాబితా వేసి సంతకం చేశాను. చెదపట్టిన మాట నిజం. చదువ వీలుకాదన్నది నిజం కాదు. నేను మరొక పదిహేను రోజులు గడువు అడిగి ఉండవలసింది, అడగలేదు. ఆ బస్తాలు చిత్తు కాగితాల బండి ఎక్కాయి. 2016 అక్టోబర్‌లో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు నాలుగేసి ముక్కలైనప్పుడు రికార్డులు కూడా జిల్లాలవారీగా తరలివెళ్లాయని విన్న రోజు, మళ్లీ ఆ జాబితాయే నా కళ్లముందు కదిలింది.

మన ఊరి పేరు సంగతే తీసుకుందాం. ఇది ఒకప్పుడు ఎలగందల్ జిల్లా. మానేరు ఒడ్డున, సిరిసిల్ల దారిలో ఉన్న ఆ కోట కాకతీయుల నుంచి ఆసఫ్‌జాహీల దాకా ఎందరినో చూసింది. 1905 ప్రాంతంలో జిల్లా కేంద్రం ఎలగందల్ నుంచి కరీంనగర్‌కు మారింది. ఈ కరీం ఎవరు? ఎలగందల్ కిలేదార్ సయ్యద్ కరీముద్దీన్ అని ఒక కథనం. ఆ పేరుగల సూఫీ బుజుర్గు అని మరొక కథనం. రెండూ మన ఇళ్లలో వినబడేవే. ఏది సరైనదో ఆధారాలతో తేల్చుతూ మనలో ఒకరు తెలుగులో చిన్న పుస్తకం రాసినా, పట్టణంలోని ప్రతి పాఠశాలకూ చేరి ఉండేది. అది జరగలేదు. 2018 డిసెంబర్ ఎన్నికల ప్రచారానికి వచ్చిన ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి, తమ పార్టీని గెలిపిస్తే ఈ ఊరిని కరిపురం చేస్తామని ఇక్కడే ప్రకటించి వెళ్లారు. ఆ వారమంతా టీ హోటళ్లలో అదే చర్చ. "అసలు కరీం ఎవరు?" అని హిందూ మిత్రుడొకరు నన్ను నిజాయితీగానే అడిగారు, వెక్కిరింతగా కాదు. నేను నాలుగు మాటలు చెప్పి, చూపించడానికి ఒక్క పుస్తకమూ లేక ఊరుకున్నాను. ఆదిలాబాద్‌దీ ఇదే పరిస్థితి. బీజాపూర్ ఆదిల్‌షాహీల పేరున వెలసిందని ఒక్క వాక్యం చెప్పి ఆగిపోతాం.

మరొక పక్క, మనకు మనం చెప్పుకొనే చరిత్రలో నవాబులు, కోటలు, తోపులు ఎక్కువ. కూలిన గోడల మీద గర్వపడటం సులభం. ఎలగందల్ దారిలోని దో మినార్ దగ్గర నిలబడి ఫోటో దిగే పిల్లలను చూస్తూనే ఉంటాం. దానిని 1754లో జఫరుద్దౌలా కట్టించాడని చెబుతారు. మంచిదే. కానీ ఆ ఊరిలో అత్తరుదానులు, గులాబ్‌పాష్‌లు, పాన్‌దాన్‌లు వెండి తీగతో అల్లినవారు ఎవరు? విశ్వబ్రాహ్మణ కుటుంబాల వారు. కొన్నవారు నవాబులు, జాగీర్దార్లు. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీలో వారి చేతి నైపుణ్యమూ, వీరి అభిరుచీ కలిసి ఉన్నాయి. వాటిని ఏ మతం ఖాతాలో విడివిడిగా రాయగలం? వేములవాడ రాజన్న దర్శనానికి వచ్చినవారు ఆ ప్రాంగణంలోని దర్గాలోనూ మొక్కు చెల్లించుకొని వెళ్లడం మా తరానికి ఒక విశేషంగానే తోచేది కాదు. నేడు దానిని విశేషంగా రాసి పెట్టవలసి వస్తున్నది.

నిర్మల్ సంగతి మరీ బాధాకరం. 1860లో రాంజీ గోండు నాయకత్వాన గోండులు, రోహిల్లాలు కలిసి నిజాం, ఆంగ్లేయ సైన్యాలతో పోరాడారు. పట్టుబడినవారిని ఉరితీసిన మర్రిచెట్టు ‘వెయ్యి ఉరుల మర్రి’గా జనం నోట నిలిచింది. రాంజీ పేరు నిలిచింది, నిలవవలసిందే. రోహిల్లాలు మాత్రం కథలో ఒక్క మాటగా మిగిలారు. ఒక ఇంటి పేరైనా, ఒక సమాధి ఆనవాలైనా వెతికి రాసే పనికి మనలో ఎవరూ పూనుకోలేదు. ఆ బాధ్యత రాంజీని తలచుకొనే వారిది కాదు, మనది.

ఇక చేదు భాగం. 1948ని దాటవేసి ఈ ప్రాంత చరిత్ర రాయలేము. ఆ ఏడాది మార్చి 14న హుస్నాబాద్ దగ్గరి మహమ్మదాపూర్ గుట్టలలో నిజాం పోలీసుల కాల్పులలో అనభేరి ప్రభాకర్‌రావు, ఆయన సహచరులు నేలకొరిగారు. రజాకార్లు పల్లెలలో చేసిన దౌర్జన్యాలను మన కలంతోనే రాయాలి. సెప్టెంబర్ సైనిక చర్య తరువాత హైదరాబాద్ రాష్ట్రంలో సామాన్య ముస్లిం కుటుంబాలపై జరిగిన హింసనూ, దానిపై సుందర్‌లాల్ కమిటీ ఇచ్చిన నివేదిక దశాబ్దాలపాటు వెలుగు చూడకపోవడాన్నీ రాయాలి. మా నానీని ఆ సెప్టెంబర్ గురించి ఎప్పుడు అడిగినా బియ్యం ఏరుతూ మాట మార్చేది. ఒక్కసారి మాత్రం, తమను పదకొండు రోజులు ధాన్యపు గదిలో దాచిన పొరుగింటి కాపు కుటుంబం గురించి చెప్పింది. ఆ ఊరి పేరు అడగాలన్న ఆలోచన నాకు అప్పుడు రాలేదు. ఆమె పోయి ముప్పై ఏళ్లు దాటింది.

ఉర్దూలోని సంపదను తెలుగువారికి అందించిన మనిషి మన ఉత్తర తెలంగాణలోనే ఉండేవారు. ఆదిలాబాద్ వాసి డాక్టర్ సామల సదాశివ (1928–2012) తెలుగులో ఉర్దూ సాహిత్య చరిత్ర రాశారు, అంజద్ రుబాయీలను తెలుగు చేశారు, తాను ఎరిగిన మనుషులనూ ముచ్చట్లనూ ‘యాది’లో పదిలపరచారు. ముస్లిమేతరుడైన ఆయన మన భాష కోసం అంత చేస్తే, మనం మన ఇంటి కాగితాలను తెలుగులోకి తేలేమా? "ఉర్దూలోనే ఉండాలి, తెలుగులో రాస్తే మన భాష పోతుంది" అనే పెద్దలున్నారు. వారి ఆవేదన నాకు తెలుసు. ఉర్దూ నేర్పే బాధ్యతను నేను తక్కువ చేయడం లేదు. కానీ పక్కింటివారు చదవలేని చరిత్ర మనకు రక్షణ కాలేదు. మన పిల్లలు చదవలేనిదైతే అసలే కాలేదు.

2012లో ఆఫ్రికాలోని టింబక్టూ సాయుధుల వశమైనప్పుడు, అక్కడి కుటుంబాలు తరతరాలుగా దాచుకున్న రాతప్రతులను ఇనుప పెట్టెలలో సర్ది, రాత్రివేళల పడవలమీదా బండ్లమీదా రాజధాని బమాకోకు చేరవేశాయి. మనకు అంత ఆపద లేదు. మన శత్రువులు చెదలు, వానకారు, వారసుల మధ్య వాటాలు. కాగజ్‌నగర్ అని ఏకంగా కాగితం పేరునే ఊరికి పెట్టుకున్న ప్రాంతం మనది!

చేయవలసిన పని పెద్దది కాదు. నేటి ఫోన్లు మంచి ఫోటోలు తీస్తాయి. పగటి వెలుతురులో కాగితాన్ని చాపమీద పరచి, ముందూ వెనుకా తీసి, ఎవరి ఇంటిదో, ఏ మొహల్లాదో అదే రోజు రాసిపెట్టాలి. ఖాజీల దగ్గర పాత నికాహ్ దఫ్తర్లు ఉంటాయి. వాటిలో వధూవరుల తండ్రుల పేర్లు, సాక్షులు, హాలీ సిక్కాలలో రాసిన మెహర్ కనబడతాయి. ఒక మొహల్లా ఎలా బతికిందో తెలిపే సాక్ష్యం అంతకంటే మెరుగైనది నేను చూడలేదు. ఖబ్రస్తాన్‌లలోని కత్బాలను వానలకు అరిగిపోకముందే రాసుకోవాలి. డెబ్బై దాటిన ఆడవాళ్ల మాటలను ముందుగా రికార్డు చేయాలి. మగవాళ్లు తేదీలు చెబుతారు, ఊళ్లూ బంధుత్వాలూ ఆడవాళ్లకే గుర్తుంటాయి. తయారైన తెలుగు ప్రతి ఒకటి మసీదు కమిటీ దగ్గర, ఒకటి జిల్లా గ్రంథాలయంలో ఉండాలి. మసీదులోనే ఉంచితే మనమే చదువుకుంటాం, గ్రంథాలయంలో ఉంటే ఊరు చదువుతుంది.

నాకు 66 ఏళ్లు. కళ్లజోడు సాయంతో షికస్తా ఇంకా చదవగలను. చిన్నవాడు ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు వచ్చి నేర్చుకుంటున్నాడు. జుమా నమాజు తరువాత కాగితాలు తెచ్చేవారి కోసం మా వరండాలో బల్ల వేసి ఉంచుతున్నాను. అసలు కాగితం మాత్రం ఎవరి చేతికీ ఇచ్చి వెళ్లకండి, నాకైనా సరే. జిరాక్స్ చాలు.