అంగడికి కట్టిన దుఃఖతోరణము

వస్త్రవర్తకుడు తన వస్త్రమును చూపి కొనుమనుట లోకరీతి. ఇటలీ దేశమున 1965లో స్థాపింపబడిన బెనెటన్ అను ఉన్నివస్త్రముల సంస్థ ఈ రీతిని విడనాడినది. ఆ సంస్థకు ప్రకటనలను కూర్చినవాడు ఒలివియేరో తోస్కాని యను ఛాయాగ్రాహకుడు. 1992లో వెలువడిన ప్రకటనలో ఎయిడ్స్ వ్యాధితో మరణశయ్యపై నున్న యువకుడును, అతని తలను పొదివికొని విలపించు తండ్రియు కనుపింతురు. 1994లో బోస్నియా యుద్ధమున హతుడైన సైనికుని నెత్తుటి దుస్తులను చూపిరి. అమ్మదలచిన ఉన్నిచొక్కా యెందును లేదు. చిన్న ఆకుపచ్చని పలకపై సంస్థ పేరు మాత్రము కలదు.

ఇట్టి చిత్రములు లోకమును మేల్కొల్పునని తోస్కాని వాదము. దానిని వట్టి బూటక మనరాదు. ఎయిడ్స్ రోగిని తాకుటకే జనులు జంకిన దినము లవి. రోగి కుటుంబమువారు సమ్మతించియే ఆ చిత్రము నిచ్చిరి. అయినను, చూపరులకు గలిగిన జాలి యెచటికి చేరవలెను? రోగి కెట్లు తోడ్పడవలెనో ఆ పలక చెప్పలేదు. దుకాణము పేరు చెప్పినది! దుఃఖమును చూపుట దోషము గాదు. దానిని అంగడికి తోరణముగా గట్టుటయే దోషము.

2000వ సంవత్సరమున అమెరికాలో మరణశిక్ష పడిన ఖైదీల ముఖములు ప్రకటనల కెక్కినవి. హతుల బంధువులు మండిపడిరి. సియర్స్ అను అమెరికా వర్తకసంస్థ బెనెటన్ సరకును అమ్మ మానెను. తోస్కాని ఆ యేడే సంస్థను వీడెను.