చమురుబావుల సిమెంటుపని

1995వ సంవత్సరము జనవరి 8వ తేదీన కోనసీమలోని పాశర్లపూడివద్ద ఓ.ఎన్.జి.సి.వారు త్రవ్వుచున్న వాయువుబావి యదుపు తప్పి భగ్గున మండినది. మార్చి 15వ తేదీవఱకు ఆ మంట యాఱలేదు. 65 దినములు కొబ్బరితోటల నడుమ నిలిచిన యా యగ్నిస్తంభమును, ఇండ్లు విడిచి తరలిపోయిన గ్రామస్థులను చూచినవారు నేటికిని దానిని మఱవలేదు. ఆ ప్రమాదమునకు సిమెంటుపనిలోని లోపమే కారణమని మేము చెప్పుటలేదు. కాని భూగర్భమందలి వాయువునకును నేలమీది మనుష్యునకును నడుమనున్న యడ్డుగోడ యెంత పలుచనిదో ఆంధ్రులకు ప్రత్యక్షముగ తెలిసినది నాడే. ఆ గోడలో ముఖ్యభాగము సిమెంటు. దానిని గూర్చి మన ప్రజలలో చర్చ జరుగకుండుట మాకు వింతగ తోచుచున్నది.

చమురుబావి మన దిగుడుబావివంటిది కాదు. మూరెడు వెడల్పైనను లేని రంధ్రమును వేల మీటర్ల లోతునకు దొలుచుకొని పోవుదురు. కొంత దొలిచి ఉక్కు గొట్టమును దింపుదురు. మఱికొంత దొలిచి దానిలోనుండి యింకను సన్నని గొట్టమును దింపుదురు. గొట్టమునకును రాతిగోడకును నడుమ చుట్టును ఒకటి రెండంగుళముల సందు మిగులును. దాని నట్లే విడిచినచో అడుగునున్న వాయువు పైకెక్కును. ఉప్పునీరు మంచినీటి పొరలలో ప్రవేశించును. గొట్టము త్రుప్పుపట్టి చెడును. పైనుండి సిమెంటు పోసి యంత సన్నని సందును పూడ్చుట సాధ్యము కాదు. కావున సిమెంటును నీళ్లతో పలుచగ కలిపి గొట్టములోనికే పంపుచేసి, దాని వెనుక రబ్బరు బిరడాను, బిరడా వెనుక బురదనీటిని నెట్టుదురు. సిమెంటు గొట్టము అడుగున వెలువడి, వెలుపలి సందులో క్రిందినుండి పైకి లేచును. సిమెంటునకు ముందొక బిరడాను, వెనుక నొక బిరడాను ఉంచు నీ పద్ధతిని 1910 ప్రాంతమున కాలిఫోర్నియాలో పెర్కిన్సు అను నాతడు వాడుకలోనికి దెచ్చెను. నూఱేండ్లు గడచినను మూలసూత్రము మాఱలేదు.

వాడు సిమెంటు మాత్రము ఇండ్లు కట్టునది కాదు. 'జి' తరగతి యను ప్రత్యేక రకమును ఎక్కువగ వాడుదురు. లోతు పెరిగినకొలది వేడిమి పెరుగును, వేడిమివలన సిమెంటు త్వరపడి గట్టియగును. గొట్టములోనే గట్టిపడినచో బావి చెడినట్లే. అందుచేత కాగితపు గుజ్జు తీయునపుడు మిగులు లిగ్నోసల్ఫోనేటువంటి పదార్థములను కలిపి దానిని ఆలస్యము చేయుదురు. వేడిమి 110 సెంటిగ్రేడు డిగ్రీలు దాటినచోట గట్టిపడిన సిమెంటు కాలక్రమమున బలహీనపడును గాన, 100 పాళ్ళ సిమెంటునకు 35 పాళ్ళు, కొన్నియెడల అంతకు మించియు, మెత్తని యిసుకపిండిని చేర్చుదురు. కృష్ణా గోదావరీ ప్రాంతపు లోతైన బావులలో నీ వేడిమియు నొత్తిడియు మిక్కుటము. అనకాపల్లి సీమలో బెల్లము వండువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కఱలేదు. పాకమును ముందుగ దింపిన ముద్ద కట్టదు, ఆలస్యమైన మాడును. పెనమువద్ద నున్నవాడు కంటితో చూచి చెప్పగలడు. చమురువారి పెనము మూడు నాలుగు కిలోమీటర్ల లోతున నున్నది.

ఇంకొక చిక్కు కలదు. నీరువలె నున్నంతసేపు సిమెంటు తన బరువుచే వాయువును అదిమిపెట్టును. రాయియైన పిమ్మట తన గట్టితనముచే ఆపును. ఈ రెంటి నడుమ జున్నువలె పేరుకొను కొన్ని గంటలు కలవు. అప్పుడు బరువు క్రిందికి సరిగ నందదు. గట్టితనము ఇంకను రాదు. వాయువు సన్నని దారి చేసికొని పైకి ప్రాకుట కదియే సమయము. ఆ దారి యొకసారి యేర్పడినచో సిమెంటు గట్టిపడినను పూడదు. రాతిగోడ నంటిన బురదను ముందుగ కడుగకున్నను సిమెంటు అతుకదు. నూనె మరకల గోడపై గచ్చు నిలువదని తాపీపనివారెల్ల నెఱుగుదురు. గొట్టము నడుమ నిలువక ప్రక్కకొరిగినచో, పల్లపు మడికే నీరు పారినట్లు వెడల్పైన వైపునకే సిమెంటు పోవును, ఇఱుకువైపున బురద నిలిచిపోవును. దీనిని వారించుటకే విల్లులవంటి ఉక్కుబద్దలను గొట్టము చుట్టును బిగించి దింపుదురు.

2010 ఏప్రిలు 20వ తేదీన మెక్సికో సింధుశాఖలో మకాండో బావి పేలి 11 మంది మరణించిరి. 87 దినములు చమురు సముద్రము పాలైనది. ఆ బావిలో అట్టి బద్దలు 21 కావలెనని లెక్క తేలగా 6 మాత్రమే దింపిరి. సిమెంటు పట్టినదో లేదో ధ్వనితరంగములతో పరీక్షించుటకు వచ్చిన పనివారిని, ఆ పరీక్ష జరుపకయే, నాటి యుదయమే తిరిగి పంపిరి. కొన్ని గంటలును కొంత ద్రవ్యమును మిగిలినవి! మన దేశముననే 2020లో అస్సామునందలి బాగ్జాన్ బావి మే 27న వాయువును చిమ్మి, జూన్ 9న అంటుకొని, నవంబరు మధ్యవఱకు మండినది. ఇద్దరు అగ్నిమాపకదళమువారు ప్రాణములు కోల్పోయిరి. బావినోటి కవాటమును తీయుటకు ముందు లోని సిమెంటు బిరడా నమ్మదగినదో కాదో పరీక్షింపకపోవుట అచ్చటి విచారణలో ముఖ్యాంశమైనది.

త్రవ్వకములు వలదని చెప్పువారము మేము కాము. దిగ్బాయి చమురు పరదేశపు కంపెనీ చేతిలో నున్ననాడు నేల మనది, లాభము వారిది. ఆ స్థితిని మార్చుటకే 1956లో ఓ.ఎన్.జి.సి. స్థాపితమైనది. నేటికిని మనకు వలయు ముడిచమురులో నూటికి 80 పాళ్ళకు మించి విదేశములనుండియే వచ్చుచుండగా, స్వదేశపు నేలలోని నిధిని విడిచిపెట్టుట అవివేకము. అయినను జాతీయసంస్థ యన్న గౌరవము ప్రజలకు లెక్క చెప్పు బాధ్యతను పెంచునేగాని తగ్గింపదు. 2017నాటి చమురు గనుల నిబంధనలు కలవు. ధన్‌బాదులో గనుల భద్రతాశాఖవారు కలరు. తన తోటలో కొన్ని యెకరములు గుత్తకిచ్చిన రైతునకు మాత్రము, తన కాళ్లక్రింద సిమెంటు ఎంతవఱకు లేచినదో చెప్పువారెవరు? ప్రతి బావియొక్క సిమెంటు పరీక్షాఫలితములను తెలుగున వ్రాయించి మండల కార్యాలయమున నుంచవలెను. బావిని విడిచి భూమి నప్పగించునపుడు, ఏయే లోతుల సిమెంటు బిరడాలు వేసిరో పటముతో రైతున కీయవలెను. గుత్త తీఱును, ఆ రంధ్రము మనుమల కాలమునకును అచ్చటనే యుండును. వ్యాపారరహస్యములు బయటపడునని యాక్షేపింతురేమో! వాయువెంత దొరికినదో చెప్పుమని మే మడుగుటలేదు.

చీడికాడ రైతునకు దీనితో నేమి పనియని పాఠకులు కొంద రడుగవచ్చును. చీడికాడలో చమురు లేదు. తూర్పుకనుమల గట్టిరాయి కలదు. కోనాం జలాశయపు నీరందని మెట్టభూములకు బోరులే దిక్కు. చమురుబావికి చెప్పిన న్యాయమే బోరుకును చెల్లును. మట్టిపొర యున్నంతవఱకు గొట్టము దింపి, బండ తగిలినచోట ఆపుదురు. చుట్టునున్న సందును దొలిచిన రాతిపొడితోనే పూడ్చి బోరు లారీ వెడలిపోవుట పల్లెలలో తఱచు చూచుచున్నదే. వానకాలమున పశువుల కొట్టపు మురుగును, చెఱకుపొలమున చల్లిన మందును ఆ సందుననే దిగి త్రాగునీట కలియును. గొట్టపు అడుగును బండలో గట్టిగ నాటించి, కొన్ని బస్తాల సిమెంటును చిక్కగ కలిపి, సన్నని గొట్టముతో క్రిందినుండి పైకి నింపించినచో ఆ దారి మూయబడును. బోరు ఖర్చులో అది యొక లెక్క కాదు. అడిగి చేయించుకొనువా డరుదు.

నీరు పడక విడిచిన బోరులలో పసిబిడ్డలు పడి చనిపోవు ఘోరమును వారించుటకై 2010లో సుప్రీంకోర్టువారు స్పష్టమైన యాదేశముల నిచ్చిరి. బోరు వేయుటకు 15 దినములు ముందుగ అధికారులకు వ్రాసి తెలుపవలెను. గొట్టము చుట్టును అరమీటరు చదరమున, నేలకు పైన 0.30 మీటరు, క్రింద 0.30 మీటరు ఉండునట్లు సిమెంటు దిమ్మె కట్టవలెను. నోటికి ఉక్కుపలక నతికింపవలెను. విడిచిన బోరును అడుగునుండి నేలమట్టమువఱకు మట్టితోను ఇసుకతోను రాళ్లతోను పూడ్చవలెను. చీడికాడ, చోడవరము మండలములలో విడిచిన బోరు లెన్ని, వానిలో పూడ్చిన వెన్ని, మూతయైనను లేనివి యెన్ని యను లెక్కను పంచాయతీలవారు రాబోవు వానలలోపల తీసి, పంచాయతీ కార్యాలయపు గోడపై ప్రజలందఱు చదువునట్లు అంటింపవలెను.