రోగిని తాకే చేతికి ముందుగా రక్ష

చికిత్సకు నాలుగు పాదాలని చరక సంహిత చెబుతుంది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీటిలో ఏ ఒక్కటి కుంటుపడినా చికిత్స నిలువదు. పరిచారకునికి ఉండవలసిన గుణాలలో శుచిత్వం ఒకటి. శుచి అంటే ఉతికిన బట్ట కట్టుకోవడం మాత్రమే కాదు. తన వల్ల రోగికి మరొక రోగం అంటకుండా శక్తికొలది జాగ్రత్త పడటం కూడా. కరోనా టీకా విషయంలో వైద్య సిబ్బంది పడిన సంకోచాన్ని నేను ఈ దృష్టితోనే చూస్తాను.

2021 జనవరి 16న మన దేశంలో టీకా కార్యక్రమం ఆరంభమైనప్పుడు మొదటి వరుస వైద్య సిబ్బందిదే. తొలిరోజు సుమారు 3 లక్షల మందికి వేయాలని సంకల్పిస్తే, వేయించుకున్నవారు సుమారు 2 లక్షలు. కోవిన్ నమోదులో చిక్కులు కొంత కారణమైనా, సంకోచమూ కారణమే. హైదరాబాదులో తయారైన కోవాక్సిన్‌కు జనవరి 3న అనుమతి లభించేనాటికి మూడవ దశ పరీక్షల ఫలితాలు వెలువడలేదు. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రిలోని రెసిడెంట్ డాక్టర్లే తమకు కోవిషీల్డ్ ఇమ్మని లేఖ రాశారు. ఇక్కడ విశాఖలో నా వద్దకు వచ్చిన నర్సమ్మ ఒకరు, "మామీద ప్రయోగం చేస్తున్నారా, గురువుగారూ?" అని అడిగారు.

ఆ ప్రశ్నను అజ్ఞానమని తోసిపుచ్చరాదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తొలినాళ్ళలో ఆ టీకా వేయలేదు. నర్సులలో ఆ వయసు స్త్రీలు ఎందరో! ప్రశ్నకు సమాధానం చెప్పాలి గాని, పేర్ల జాబితా గోడకు అంటించి రమ్మనడం సరికాదు.

అయితే సమాధానం దొరికిన తరువాత కూడా సంకోచించడం ధర్మం కాదు. కోవాక్సిన్ సామర్థ్యం 77.8 శాతమని 2021 నవంబరులో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. కోవిషీల్డ్ వల్ల అత్యంత అరుదుగా రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉన్నదన్న మాటా దాచవలసినది కాదు. టీకా వేసుకున్నవారికీ వ్యాధి సోకింది. కాని తీవ్రత, మరణాలు బాగా తగ్గాయి.

రెండవ ఉధృతిలో, 2021 ఏప్రిల్ 22న, మన ఉక్కు కర్మాగారపు ప్రాణవాయువుతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ విశాఖ నుండి మహారాష్ట్రకు బయలుదేరింది. ప్రాణవాయువును రైలెక్కించి పంపగలిగాము. పడక పక్కన రేయింబవళ్ళు నిలబడే నర్సు మంచాన పడితే, ఆమె స్థానంలో మరొకరిని ఏ రైలు తెచ్చి ఇస్తుంది?

"ఆయుర్వేద వైద్యులై ఉండి టీకాను సమర్థిస్తారా?" అని కొందరు అడుగుతారు. జనులను మూకుమ్మడిగా హరించే వ్యాధులను చరకుడు జనపదోధ్వంసమని వేరుగా వివరించాడు. గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు ప్రకృతి భేదం లేక అందరూ పడిపోతారని ఆయన గ్రహించాడు. మిరియాల కషాయం గొంతుకు ఉపశమనమిస్తుంది. అది టీకా చేసే పని చేస్తుందనడం శాస్త్రానికి గౌరవం తేదు.

మరి సంకోచం పోయేదెట్లా? 1897 జనవరిలో బొంబాయిలో ప్లేగు టీకాను హాఫ్‌కిన్ మొదట తన శరీరంపైనే పరీక్షించుకున్నాడు. పెద్ద వైద్యులు ఆయాల కన్నా ముందు వరుసలో నిలబడాలి. టీకా మరునాడు జ్వరం వస్తే కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికుని కూలి తెగకూడదు. ఒకరోజు కూలి పోతుందన్న భయం కూడా సంకోచమే; దానికి ఉపన్యాసం మందు కాదు.

ఇది గడిచిపోయిన కథ కాదు. సూది గుచ్చుకుంటే రక్తం ద్వారా సోకే హెపటైటిస్-బి కామెర్లకు టీకా ఉన్నది: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు మూడు మోతాదులు. మీ ఇంట నర్సో, ల్యాబ్ టెక్నీషియనో ఉంటే మూడూ పూర్తయ్యాయా అని ఈరోజే అడగండి. కాలేదంటే వైద్యుని సంప్రదించమనండి. మన ఇంటి రోగిని వారి చేతుల్లో పెడుతున్నాము. ఆ చేతుల క్షేమం అడగడం మన వంతు.