అటకమీద సామాను: భోగిమంటలో వేయని బూట్లు

మా ఇంటికి అటక లేదు. ఉన్నదల్లా ఒక బేస్‌మెంటు. అయినా ఈ శీర్షికకి 'అటకమీద సామాను' అనే పేరే ఉంచేశాను. 'బేస్‌మెంటులో సామాను' అంటే ఎవరు చదువుతారు చెప్పండి? కిందటి సంక్రాంతి సంచికలో మా ఇత్తడి కాఫీ ఫిల్టరు గురించి రాస్తే, నలుగురైదుగురు ఫోన్ చేసి తమ తమ ఫిల్టర్ల వంశచరిత్ర వినిపించారు. ఈసారి భోగి ముందు బేస్‌మెంటు సర్దుతుంటే, బొమ్మలకొలువు పెట్టె వెనకనుంచి ఒక జత ఐస్ హాకీ స్కేట్లు బయటపడ్డాయి. నల్లటి బూట్లు, ఎర్రగా తుప్పు పట్టిన బ్లేళ్ళు.

"ఇంకా ఎందుకండీ అవి? పారెయ్యండి" అంది మా ఆవిడ.

పారేద్దామనే చేతిలోకి తీసుకున్నాను. కానీ ఆ బూట్ల వెనక నేనాడిన అబద్ధం ఒకటుంది. అది మీకు చెప్పకుండా పారెయ్యలేకపోయాను.

మేం ఎడిసన్ వచ్చింది 1992లో. 1995 జూన్ 24న మన న్యూజెర్సీ డెవిల్స్ జట్టు డెట్రాయిట్‌ని వరసగా నాలుగో ఆటలో కూడా ఓడించి మొదటిసారి స్టాన్లీ కప్పు గెలిచింది. కప్పు గెలిచినవాళ్ళకి పెద్ద ఊరేగింపు ఉంటుందనుకున్నాను. మెడోలాండ్స్ స్టేడియం పార్కింగ్ లాట్‌లోనే సంబరం కానిచ్చేశారు! మా ఏడేళ్ళవాడికి మాత్రం ఆ రోజునుంచీ పూనకమే. చీపురు తిరగేసి హాల్లో హాకీ. గోలీ మార్టిన్ బ్రొడూర్‌లాగా సోఫా దిండ్లు రెండు కాళ్ళకి కట్టుకుని వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడేవాడు. వాళ్ళమ్మ పప్పుగిన్నెతో ఆ గుమ్మం దాటాలంటే గోలు కొట్టినంత పని.

ఆ ఏడాది అక్టోబరులో నా ప్రాజెక్టు అయిపోయింది. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి 'బెంచి మీద ఉండటం' అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. జీతం రాదు. వీసా సంగతి తలుచుకుంటే నిద్ర రాదు. అవతల తెనాల్లో చెల్లెలి పెళ్ళికి ముహూర్తం పెట్టేశారు. ఇవతల వీడు స్కేట్లు కావాలంటాడు. స్పోర్ట్స్ షాపుకి వెళ్ళి, ధర చీటీ తిప్పి చూసి, "ఈ రంగు బాగాలేదురా" అని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చేశాను.

తర్వాత 1996 జనవరి మొదటివారంలో ఆ మహా మంచుతుఫాను వచ్చింది. కారు ఎక్కడుందో చేత్తో తడిమి వెతుక్కున్నాం. మంచు తవ్వుకుంటుంటే, మా వీధి చివర ఒకాయన గరాజ్ ఖాళీ చేస్తూ అట్టపెట్టె బయట పెట్టాడు. అందులో ఉన్నాయి ఈ స్కేట్లు. పన్నెండు డాలర్లిచ్చాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. గుళ్ళో చెప్పులు పోతే శని వదిలిందని సంతోషించే జాతి మనది. మరి ఒకరు తొడిగి వదిలేసిన తోలుబూట్లు డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకోవడమంటే? ఫోన్‌కార్డు మీద మా అమ్మతో మాట్లాడుతూ మాటవరసకి ఈ సంగతి కదిపాను. "ఒరే, ఒకళ్ళ కాలివి మన కాలికి వద్దురా, అందులో పసివాడికి" అంది. పైగా నేను కొన్నది శనివారం!

అందుకని ఒక పని చేశాను. అర్ధరాత్రి బేస్‌మెంటులో కూచుని బూట్లకి నల్ల పాలిష్ వేశాను. కొత్త లేసులు ఎక్కించాను. బూటు నాలుక లోపల, అంతకుముందు వాడిన పిల్లవాడి పేరు రాసి ఉంది. దానిమీద నల్ల మార్కరుతో దిద్దేశాను. నా ఆఫీసు బూట్ల డబ్బాలో పెట్టి, రంగు కాగితం చుట్టి, భోగినాడు పొద్దున్న వాడి తలమీద భోగిపళ్ళు పోసిన తర్వాత "కొత్తవిరా" అని చేతికిచ్చాను.

ఆ బూట్లు వాడికి రెండు సైజులు పెద్దవి. పెరిగే పిల్లవాడు కదా, రెండేళ్ళు వస్తాయనుకున్నాను. మనం లాగూలు కుట్టించింది అలాగే. మూడు జతల మేజోళ్ళు తొడిగి రింకుకి తీసుకెళ్ళాను. వాడి చీలమండలు లోపలికి వాలిపోయాయి. గోడ పట్టుకుని రెండు అడుగులు, పడటం. మళ్ళీ రెండు అడుగులు, పడటం. మడమల దగ్గర బొబ్బలు. నాలుగు వారాలు అలాగే వెళ్ళాడు. ఫిబ్రవరిలో ఒకరోజు, "నాకు హాకీ ఇష్టం లేదు నాన్నా" అన్నాడు. పిల్లలకి మోజు మూన్నాళ్ళేలే అనుకున్నాను. స్కేట్లు పెట్టె వెనక్కి వెళ్ళిపోయాయి. ఏప్రిల్‌లో నాకు ప్రాజెక్టు దొరికింది. ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

ఇప్పుడు వాడి కూతురికి ఏడేళ్ళు. డెవిల్స్ 2007లో నూవర్క్‌కి మారిపోయారు. 2000లోను, 2003లోను మరో రెండు కప్పులు కూడా గెలిచేశారు. పూనకం మాత్రం వంశంలో నిలిచింది. హాకీ నేర్పమని పేచీ. మావాడు ఏమాత్రం మొహమాటం లేకుండా, "వాడినవే కొందాం, ఆర్నెల్లలో పాదం పెరిగిపోతుంది" అన్నాడు. నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ పూట వాడు నాకు పాఠం చెప్పాడు. పిల్లలున్న ఇళ్ళకి పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది సైజు. హాకీ స్కేటు మామూలు బూటుకన్నా ఒకటి, ఒకటిన్నర సైజు చిన్నదిగా ఉండాలి. లేసులు వదులు చేసి, వేళ్ళు ముందుకి ఆనేలా పాదం జరిపితే, మడమ వెనక ఒక వేలు పట్టాలి. రెండు పట్టాయంటే పెద్దది. పలచటి మేజోడు ఒక్కటి చాలు. ఇది విన్నప్పుడు నా కడుపులో ఏదో కలుక్కుమంది.

రెండోది చీలమండ. బూటుని అక్కడ రెండువైపులనుంచీ గట్టిగా నొక్కి చూడాలి. పాత దిండులా అణిగిపోతే దాని ఆయువు తీరినట్టే. ఈ రోజుల్లో చాలా రకాల బూట్లని షాపులో వేడి చేసి పాదానికి అచ్చుపోస్తారు. వాడినది కొంటే అది పాత యజమాని పాదం ఆకారంలో ఉంటుంది. లోపల చెయ్యిపెట్టి తడిమితే ఎగుడుదిగుళ్ళు తెలుస్తాయి. చాలావాటిని మళ్ళీ వేడి చేయించుకోవచ్చు.

మూడోది బ్లేడు. హాకీ బ్లేడు కత్తిపీటలాగా ఒకే అంచుతో ఉండదు. అడుగున నిలువునా సన్నటి గాడి ఉండి, దానికి రెండు పక్కలా రెండు అంచులుంటాయి. గోరు అడ్డంగా రాస్తే కాస్త పొడి రాలాలి. సాన పట్టినప్పుడల్లా ఉక్కు కొంచెం అరుగుతుంది కాబట్టి బ్లేడు ఎత్తు ఎంత మిగిలిందో చూసుకోవాలి. పైపై తుప్పు తుడిస్తే పోతుంది. అంచులో గుంటలు పడితే లాభం లేదు. బూటుకీ బ్లేడుకీ మధ్య ఉన్న రివెట్లు కదులుతున్నాయేమో చూడాలి. బ్లేడు ముందు కొసన రంపంలాంటి పళ్ళుంటే అది ఫిగర్ స్కేటింగుది, హాకీకి పనికిరాదు.

మోచేతి పట్టీలు, మోకాలి పలకలు, భుజాల కవచం, చేతి తొడుగులు ఇవన్నీ వాడినవైనా నిక్షేపంలా కొనచ్చు. పాడుబడేది వాటి వాసనే. మేం బాత్‌టబ్బులో వెనిగర్ నీళ్ళలో నానబెట్టి, డెక్ మీద వడియాల్లాగా ఎండబెట్టాం. పక్కింటాయన రెండు రోజులు కిటికీ తెరవలేదు.

పాతది పనికిరానిది హెల్మెట్టు. లోపలి నురగ ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి దెబ్బని ఆపడం మానేస్తుంది. హాకీ హెల్మెట్ల మీద హెచ్ఈసీసీ అనే ధ్రువీకరణ స్టిక్కరు ఉంటుంది. తయారైన నాటినుంచి ఆరున్నరేళ్ళ వరకే దాని గడువు. అది దాటితే పైకి ఎంత మెరుస్తున్నా వద్దు. నోట్లో పెట్టుకునే రక్షణ కొత్తదే కొనాలి, వేరే చెప్పాలా? ఇంకొకటి. 2023 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఆట మధ్యలో స్కేటు బ్లేడు మెడకి తగిలి ఆడమ్ జాన్సన్ అనే ఆటగాడు చనిపోయాడు. ఆ తర్వాత, 2024 ఆగస్టు 1 నుంచి, యుఎస్ఏ హాకీ సంస్థ పిల్లలందరికీ మెడ పట్టీ తప్పనిసరి చేసింది. పాత సామాను సంచీల్లో అది ఉండదు. విడిగా కొనండి.

అన్నట్టు, మన దేశంలో ఐస్ హాకీ ఎక్కడుంటుందని మీరడగచ్చు. లదాఖ్‌లో ఉంది. మొదట్లో అక్కడి కుర్రాళ్ళు మిలిటరీ బూట్లకి ఇనపరేకు బిగించుకుని గడ్డకట్టిన చెరువుల మీద ఆడేవారు. తర్వాత ఏళ్ళ తరబడి బయటిదేశాలనుంచి వచ్చిన వాడిన స్కేట్లతోనే నేర్చుకున్నారు. ఆ లదాఖ్ ఆడపిల్లలే ఎక్కువమంది ఉన్న మన జట్టు 2016లో తైపీలో మొదటిసారి అంతర్జాతీయ పోటీ ఆడింది. 2025 మహిళల ఆసియా కప్పులో కాంస్యం తెచ్చింది. ఒకరి బూట్లు తొడిగితే శని పడుతుందన్న మా అమ్మ మాట వాళ్ళ దగ్గర చెల్లలేదు.

సరే, మా బూట్ల దగ్గరికి వద్దాం. మనవరాలికి కొన్న స్కేట్ల నాలుక తిప్పి చూస్తే లోపల ఎవరో అమ్మాయి పేరు రాసి ఉంది. దాని కిందే ఇది తన పేరు రాసుకుని, నేను అవతల పెట్టిన పాతజత అందుకుంది.

"తాతా, ఇందులో కూడా పేర్లున్నాయి! పైది కొట్టేశారు. కిందది నాన్న పేరు."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. ముప్ఫై ఏళ్ళకి నా నల్ల మార్కరు ముదురు గోధుమరంగుకి దిగి, దాని వెనకనుంచి ఆ పాత పేరు చక్కగా కనబడుతోంది. దాని కింద ఎనిమిదేళ్ళ చేతిరాతలో మావాడి పేరు, 1996.

మావాడు తొంగిచూసి నవ్వాడు. "మొదటిరోజే చూశాను నాన్నా. అడగొద్దని అమ్మ చెప్పింది."

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ అరిసెల పాకం మాడిపోతుందంటూ లోపలికి వెళ్ళిపోయింది.

"మరి పెద్దవైపోయాయని కూడా చెప్పలేదేం రా? బొబ్బలెక్కాయి కదా?"

"కొత్తవన్నావు కదా. బాగాలేవంటే ఇంకో జత కొనాలంటావేమోనని."

దీనికి నా దగ్గర జవాబు లేదు. పాతవి కొన్నందుకు నేనిప్పుడు సిగ్గుపడటం లేదు. ఆ ఏడు మాకున్నది అదే. కొత్తవని చెప్పినందుకే బాధ. దాచాను కాబట్టి షాపువాడి దగ్గరికి తీసుకెళ్ళి సైజు చూపించలేదు, సాన పట్టించలేదు. నేను దాచాను కాబట్టి వాడూ నొప్పి దాచాడు. "పాతవిరా, కాలికి సరిపోయాయా?" అని ఒక్కమాట అడిగుంటే వాడు హాకీ ఆడేవాడేమో. ఆడకపోయినా, ఎందుకు మానేశాడో నాకు తెలిసేది.

ఇది జరిగిన వారానికి ఒక గరాజ్ సేల్‌లో పెద్దవాళ్ళ తోలు స్కేట్లు కనబడ్డాయి. సీసీఎం కంపెనీవారి 'టాక్స్' రకం. వీటికి మంచి కథ ఉంది. కెనడాలో మానిటోబా రాష్ట్రంలోని బ్రాండన్ అనే ఊళ్ళో జార్జ్ టాకబెరీ అనే చెప్పులు కుట్టే ఆయన ఉండేవాడు. జో హాల్ అనే హాకీ ఆటగాడు తన బూట్లు ఊరికే పాడైపోతున్నాయని మొరపెట్టుకుంటే, కంగారూ తోలుతో గట్టి జత కుట్టిచ్చాడట. ఆ పేరే 1937లో సీసీఎం చేతికి వెళ్ళింది. ఈసారి సైజు సరిచూసి, చీలమండ నొక్కి, రివెట్లు కదిపి, ఇంట్లో అందరికీ చెప్పి మరీ కొన్నాను. సాన పట్టించుకుని, వుడ్‌బ్రిడ్జి కమ్యూనిటీ సెంటరులో ఐస్ రింకుకి వెళ్ళాం.

తోలు మెత్తగా పాదానికి అతుక్కుంది. ఇప్పటి బూట్ల బిగువు మాత్రం లేదు. నా చీలమండలు రెండూ లోపలికి వాలాయి. గోడ పట్టుకుని రెండు అడుగులు వేశాను, పడ్డాను. మళ్ళీ లేచాను, మళ్ళీ పడ్డాను. మావాడు అరువు స్కేట్లు తొడుక్కుని నా పక్కకి జారుతూ వచ్చి, "నొప్పెడుతోందా నాన్నా? చెప్పు" అన్నాడు.

"పెడుతోందిరా" అన్నాను.

వంగి నా లేసులు విప్పి, మడమ దగ్గర బిగించి మళ్ళీ కట్టాడు. ఆ తర్వాత రింకు చుట్టూ ఒక్క రౌండు తిరిగాను. మనవరాలు అప్పటికి పన్నెండు తిరిగిందట.

ఇక భోగి సంగతి. మన పెరట్లో మంట వేస్తే పిడకల వాసనకన్నా ముందు ఫైర్ ట్రక్కు వస్తుంది కాబట్టి, ప్రతి ఇంటికీ ఒక చిన్న మనవి. గడువు దాటిన హెల్మెట్లు చెత్తబుట్టలో వెయ్యండి, ఎవరికీ ఇవ్వకండి. బాగున్న స్కేట్లు, పట్టీలు ఉతికి ఆరబెట్టి సంక్రాంతి సంబరాలకి తీసుకురండి. హాలు గుమ్మం దగ్గర ఒక బల్ల వేయిస్తామని కార్యవర్గంవారు మాట ఇచ్చారు. ఈ ఏడాది బెంచి మీద ఉన్నవాళ్ళు మనలో ఎవరో మనకి తెలియదు. ఎవరు తీసుకెళుతున్నారని అక్కడ ఎవరూ చూడరు. లోపలి పేర్లు మాత్రం దిద్దెయ్యకండి.

మా 1996 జత ఆ బల్లమీదికి రాదు. బొమ్మలకొలువులో, కొండపల్లి ఏనుగు పక్కన పెట్టాం. పండక్కి వచ్చినవాళ్ళు చూడచ్చు. అరిసెలు ఎలాగూ ఉంటాయి.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు.