చందమామలో ఇంటద్దె లేదు

"అమృతం" ధారావాహికను సినిమాగా తీస్తే అది అభిమానులకే ఎందుకు నచ్చలేదన్నది చర్చించదగిన విషయమని నేనంటే మన మిత్రులు కొందరు నవ్వుతారు. టీవీ హాస్యానికి సాహిత్య విమర్శ దేనికని వారి ప్రశ్న. మధ్యతరగతి ఇళ్లల్లో ఆరేళ్లపాటు వారం వారం చూసిన కథ చర్చకు తగదనుకునేవారికి ప్రజల అభిరుచిని గురించి ఉపన్యాసాలిచ్చే అర్హత ఎక్కడినుంచి వస్తుందో నాకు తెలియదు.

గుణ్ణం గంగరాజు రూపొందించిన ఈ ధారావాహిక 2001 నుంచి 2007 దాకా జెమిని టీవీలో మూడువందలకు పైగా భాగాలుగా వచ్చింది. దాని పాటలో మన గోదావరి గాలి కూడా ఉంది. రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రి సినిమాల్లోకి పోకముందు కాకినాడలో ఉన్నవాడు, బాణీ కట్టిన కల్యాణి మాలిక్‌ది కొవ్వూరు కుటుంబం. కథ జరిగేది మాత్రం హైదరాబాదులో. అమృతరావు, ఆంజనేయులు అనే స్నేహితులిద్దరు "అమృత విలాస్" అని చిన్న హోటలు పెట్టుకుంటారు. అప్పాజీ ఇంటి యజమాని. సర్వం హోటల్లో పనివాడు. నాలుగు డబ్బులు సంపాదించటానికి స్నేహితులు ఏదో ఒక ఉపాయం పన్నుతారు, అది వారి మెడకే చుట్టుకుంటుంది. ఇంతకు మించి కథ లేదు. ఇంతే కథ అన్నేళ్లు సరిపోయింది.

2014లో అదే గంగరాజు "అమృతం చందమామలో" అనే సినిమా తీశాడు. ఈసారి స్నేహితులు హోటలు పెట్టాలనుకున్నది చంద్రుడిమీద. ధారావాహికను ప్రేమించినవారిలో చాలామంది హాలునుంచి ఉసూరుమంటూ తిరిగివచ్చారు.

దీనికి సాధారణంగా చెప్పే కారణం ఒకటుంది: అభిమానులు పాత ముఖాలకు అలవాటుపడ్డారు, కొత్త నటులను ఒప్పుకోలేకపోయారు అని. ఈ వాదం నిలవదు. ధారావాహికలోనే అమృతరావు వేషం శివాజీరాజా వేశాడు, తరవాత నరేశ్ వేశాడు, ఆ తరవాత హర్షవర్ధన్ వేశాడు. జనం ముగ్గురినీ ఒప్పుకున్నారు. సినిమాలో ఆ వేషం అవసరాల శ్రీనివాస్‌కు ఇచ్చారు. గుండు హనుమంతరావు లేని లోటు నిజమే. కాని అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి సినిమాలోనూ ఉన్నారు. తెలిసిన ముఖాలే చాలునంటే ఈ ఇద్దరూ సినిమాను కొంతైనా ఒడ్డున పడేయాలి గదా!

జనం వెతుక్కున్నది మనుషుల పరిస్థితిని. అప్పాజీ మనకు నవ్వు తెప్పించేది అతని వేషం వల్ల కాదు. ఇల్లు అతనిది, అద్దె బాకీ వీళ్లది. ఆ బాకీ ఉన్నంతకాలం అతను తలుపు కొట్టిన ప్రతిసారీ నాటకం తనంతట తానే నడుస్తుంది. చంద్రమండలాన్ని ఏ రాజ్యమూ సొంతం చేసుకోరాదని 1967లోనే అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. ఇంటి యజమాని లేని చోట అప్పాజీ ఏం చేస్తాడు? అద్దె కట్టనవసరంలేని చోట అమృతరావు దేనికి కంగారుపడతాడు? పాత్రలను భూమినుంచి ఎత్తేసరికి వాళ్ల కష్టం కింద ఉండిపోయింది. నవ్వు ఆ కష్టంలో ఉంది.

ఈ సంగతి డెల్టాలో ఎవరికీ విప్పి చెప్పనవసరం లేదు. ఇక్కడ కౌలు బియ్యం కొలిచి ఇచ్చాక మిగిలిందేమిటని లెక్క చూసుకునే ఇళ్లు ఎన్నో. 2011లో కోనసీమ రైతులు సాగు గిట్టక పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టారు. అలాంటి ఇళ్లనుంచి చదువుకోసం, ఉద్యోగం కోసం హైదరాబాదు పోయి అద్దె గదుల్లో సర్దుకున్న కుర్రవాళ్లకు అప్పాజీ కొత్త మనిషి కాడు. వాళ్లు తమ బతుకును చూసి నవ్వుకున్నారు. ఆ నవ్వులో కొంత ధైర్యం ఉంది.

కల్పనకు నేను విరోధిని కాను. హాస్యం ఎంత దూరంనుంచైనా రావచ్చు. రాజమండ్రిలో పంతులుగా పనిచేసిన భమిడిపాటి కామేశ్వరరావు ఫ్రెంచి నాటకకర్త మోలియేర్‌ను తెలుగులోకి తెచ్చాడు. పారిస్ పాత్రలు మన ఇళ్లల్లో కాపురం పెట్టాయి. పిసినారితనం, పెళ్లి బేరాలు, దొంగ పెద్దరికం అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి గనక పరాయి నాటకం సొంతమైంది. గంగరాజు చేసింది దీనికి తలకిందులు. సొంత కథను పరాయి చేశాడు.

పెద్ద హీరో లేకుండా, ఫైట్లను నమ్ముకోకుండా సినిమా తీయటం సాహసమే, కాదనను. కాని ఆ సాహసం వెనక ఒక పిరికితనం ఉంది. తెర పెద్దది గనక కథ కూడా ఆకాశమంత ఉండాలని, టిక్కెట్టు కొన్నవాడికి ఇరుకు హోటలు చూపిస్తే సరిపోదని మన సినిమా పరిశ్రమ చాలాకాలంగా నమ్ముతున్నది. సామాన్యుడి రోజువారీ బతుకు వెండితెరకు చాలదని ఈ నమ్మకానికి అర్థం. ఇది సామాన్యుణ్ణి అవమానించటమే, ఆ మాట ఎంత నవ్విస్తూ చెప్పినా సరే.

అందుచేత అభిమానుల నిరాశ చిన్నపిల్లల మారాం కాదు. వాళ్లు విమర్శకుల పరిభాష వాడకపోయినా విమర్శకుల పని చేశారు. పాత భాగాలను జనం ఈనాటికీ యూట్యూబులో చూస్తున్నారు. వాటిలో గ్రాఫిక్సు లేవు, ఒక వంటగది, రెండు గదులు, కట్టని అద్దె ఉన్నాయి. రేపు ఇంకో ధారావాహిక సినిమాగా వచ్చినప్పుడు దానికెంత ఖర్చయిందని పత్రికలు రాస్తాయి. ఆ కథలో అద్దె ఎవరు కడుతున్నారని మన విద్యార్థులు అడగాలి.