రొమ్ము క్యాన్సర్ చికిత్స – బీమా చట్టం

అమెరికాలో 1998 అక్టోబరు 21న ఒక చట్టం వచ్చింది. రొమ్ము తొలగించే శస్త్రచికిత్సకు ఖర్చు భరించే ఆరోగ్య బీమా పథకాలు ఆ రొమ్మును పునర్నిర్మించడానికి, కృత్రిమ రొమ్ముకు, చేతివాపు వంటి అనంతర బాధల చికిత్సకు కూడా చెల్లించాలని అది శాసించింది. మన దేశంలో ఈ ఒక్క వ్యాధి కొరకు అటువంటి ప్రత్యేక కేంద్ర చట్టం లేదు. అంతమాత్రాన మన సోదరీమణులకు చట్టం అండ లేదని భావించరాదు.

1948 నాటి ఉద్యోగుల రాజ్య బీమా చట్టం ద్వారా ఏర్పడిన ఇ.ఎస్.ఐ. పథకం 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీలలో ఆరంభమైంది. 2020 సామాజిక భద్రతా స్మృతి కూడా ఈ బీమాను కొనసాగించింది. హుగ్లీ తీరపు జూట్ మిల్లులకు ఉత్తరాంధ్ర నుండి వలసవచ్చిన తెలుగు కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. బడ్జ్ బడ్జ్‌లో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉంది. అక్కడ లేని చికిత్స కొరకు రోగిని పెద్ద ఆసుపత్రికి పంపే ఏర్పాటు పథకంలోనే ఉంది. కార్మికుని భార్యకు కూడా వైద్యం అందుతుంది. బీమా ఉన్న కార్మికురాలికే క్యాన్సర్ సోకితే, రెండు సంవత్సరాల సర్వీసు, నిర్ణీత చందా ఉన్నపక్షంలో, సగటు వేతనంలో 80 శాతం చొప్పున గరిష్ఠంగా రెండేళ్ల వరకు నగదు లభిస్తుంది.

స్థిరోద్యోగులమైన మనకు సంస్థ వైద్య సదుపాయం ఉంది. మన గేటులోపలే ఊడ్చే, బరువులు మోసే, తోట పని చేసే కాంట్రాక్టు కార్మికుల మాటేమిటి? కాంట్రాక్టరు ద్వారా పనిచేసేవారి చందాను సైతం ముందుగా చెల్లించవలసిన బాధ్యతను 1948 చట్టపు 40వ సెక్షను ప్రధాన యజమానిపైననే ఉంచింది. ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుండి రాబట్టుకొనే వీలు 41వ సెక్షను కల్పించింది. అనగా ఇది దయాధర్మం కాదు, హక్కు.

అయితే చందా జమ అయినంత మాత్రాన సరిపోదు. భార్య పేరు కుటుంబ వివరాలలో నమోదై ఉండాలి. పెద్ద చికిత్సలకు కొంతకాలం చందా చెల్లించి ఉండాలన్న నిబంధన ఉంటుంది. వ్యాధి బయటపడిన తరువాత నమోదుకు పరుగెత్తడం ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వడమే అవుతుంది.

ఈ వ్యాధి తొలిదశలో గడ్డకు తరచు నొప్పి ఉండదు. నొప్పి లేదు గదా అని కొందరు, సిగ్గుచేత కొందరు, ఇంటిమీద అప్పు పడుతుందన్న భయంచేత మరికొందరు దానిని దాచుకుంటారు. సిగ్గును ఏ చట్టమూ పోగొట్టలేదు గాని, ఖర్చు భయాన్ని మాత్రం తప్పక తగ్గించగలదు. తన పేరు బీమాలో ఉన్నదని తెలిసిన ఇల్లాలు నెలల తరబడి మౌనం వహించదు. వేళకు వైద్యుని వద్దకు వెళుతుంది.

కనుక అధికారులకు, యూనియన్ మిత్రులకు ఒక విన్నపం. ఈ నెల వేతనాలు ఇచ్చే రోజున మీ విభాగంలోని కాంట్రాక్టు కార్మికులను మూడు విషయాలు అడగండి: బీమా నంబరు ఉన్నదా? చందా సక్రమంగా జమ అవుతున్నదా? ఇంట్లోవారి పేర్లు ఎక్కినవా? లేదన్న ప్రతి జవాబునూ ఆనాడే కార్యాలయానికి తెలియజేయండి.